మిషన్ పక్కన నీళ్లగ్లాసు

మా ల్యాబ్ సార్ పోయారని మొన్న పొద్దున పాల డిపో దగ్గర తెలిసింది. రిటైరయ్యాక, చల్లగా ఉంటుందని పలమనేరులో స్థిరపడ్డారు. తిరుపతిలో మా కాలేజీ ల్యాబ్‌లో ఆయన దగ్గరే నేను ఉక్కు గట్టిదనం కొలవడం నేర్చుకున్నాను.

వజ్రపు మొనతో ఉక్కును నొక్కి, ఎంత లోతు దిగిందో చూడడమే ఆ పని. ఎక్కువ దిగితే ఉక్కు మెత్తన, అంకె తక్కువ. మా కొలతను ఢిల్లీలోని పెద్ద ల్యాబ్‌తో సరిచూసుకోవాలి. ఢిల్లీవాళ్లు జర్మనీవాళ్లతో సరిచూసుకుంటారు. అందుకని ఒకే ఉక్కు బిళ్ల ఊరూరా తిరుగుతుంది. ఎవరికి వచ్చిన అంకె వాళ్లు పంపాలి.

ఒక ఏడు ఆ బిళ్ల మాకు బ్రహ్మోత్సవాలప్పుడు వచ్చింది. సార్ దాన్ని తన నగరి నేత తువ్వాలుతో పసిబిడ్డను తుడిచినట్టు తుడిచారు. కొలిస్తే అంకె బాగా తక్కువొచ్చింది. మద్రాసు ల్యాబ్ అంకె ఫోన్లో ముందే తెలిసిపోయింది. తేడా ఎక్కువైతే ఉక్కు పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే మా ల్యాబ్ గుర్తింపు పోతుంది. రేణిగుంట, చిత్తూరు లేతు షాపులవాళ్లు ప్రతి ముక్కకూ మద్రాసు పరుగెత్తాలి.

"మద్రాసుకు దగ్గిరగా ఒకటి రాసేస్తే పోలేదా సార్?" అన్నాడు తోటి లెక్చరర్.

సార్ నవ్వారు. "జర్మనీవాళ్ల ముందర తేడా సూపించుకునేదానికి ఢిల్లీవాళ్లకే సిగ్గులేదు, మనకేంటికప్పా? అరువు అంకె పంపిస్తే మన మిషన్ జబ్బు యాడుండాదో ఎవురు సెప్తారు?"

ఉన్నదున్నట్టే పంపారు. మర్నాడు కాఫీ తాగి, గ్లాసు కడిగి, నీళ్లు పోసి మిషన్ పక్కన పెట్టారు. నీళ్లు వణుకుతున్నాయి! ఉత్సవాలని కొండ బస్సులన్నీ మా వెనక రోడ్డుకు మళ్లించారు. ఆ అదురుకు మొన ఎక్కువ దిగి, అంకె తగ్గింది.

"కొలిచేవాళ్లు ముందు కాళ్లకింద నేల సూసుకోవాలమ్మా" అన్నారు నాతో.

గుర్తింపు మాత్రం ఆగింది. "ఏం సామీ, తిరుపతిలో ఉక్కు గూడా మెత్తబడిందా?" అని లేతు షాపులవాళ్లు ఆటపట్టిస్తే నాకు ఒళ్లు మండేది. సార్ వాళ్లతో కలిసి నవ్వేవారు. నవ్వుతూనే మిషన్ కింద రాతి దిమ్మె వేయించి, ఢిల్లీకి రాసి, బిళ్లను మళ్లీ తెప్పించారు. ఈసారి అంకె కలిసింది. గుర్తింపూ తిరిగొచ్చింది.

నా అంకె ఎవరితో కలవకపోయినా దాచుకోకుండా బయటపెట్టే ధైర్యం ఆయన పెట్టిన భిక్షే.

నిన్న పలమనేరులో ఆయన్ను సాగనంపి, తిన్నగా ల్యాబ్‌కే వచ్చాను. గ్లాసుతో నీళ్లు పట్టి మిషన్ పక్కన పెట్టాను. వెనక రోడ్డులో కొండ బస్సు పోయింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. గ్లాసులో నీళ్లు కదల్లేదు.