నా పేరు పలికిన గొంతు

మొన్న భీమవరంలో ఒక ఇంటి ముందు తడి సున్నం వాసన తగలగానే, నాకు తొమ్మిదేళ్లప్పటి మా ఊరి చర్చి గుర్తొచ్చింది.

అప్పట్లో ఒకామె సమాధి కూటంలో పాస్టరుగారు, "దేవుడు మన సహోదరిని పేరు పెట్టి పిలిచాడు" అన్నారు. దేవుడు పేరు పెట్టి పిలిస్తే చచ్చిపోతారన్నమాట అనుకున్నాను.

ఆ శనివారం మధ్యాహ్నం అమ్మ పూలిచ్చి చర్చికి పంపింది. లోపల కిటికీలన్నీ మూసి ఉన్నాయి, గోడలకు కొత్తగా వేసిన సున్నం ఇంకా తడి వాసన వేస్తోంది. నేను బల్ల మీద పూలు పెడుతుంటే, చీకటి మూల నుంచి సన్నటి గొంతు వినిపించింది. అది నా పేరే పలుకుతోంది. మళ్లీ మళ్లీ నా పేరే.

"నేను రాను" అన్నాను ఏడుస్తూ.

మూలలో తెల్లటి ఆకారం కదిలింది. ముసుగు తీస్తే, నాట్లకెళ్లే రాహేలమ్మ మామ్మ.

"భయపడ్డావా అమ్మా? నీ జ్వరం తగ్గాలని ప్రార్థన చేస్తున్నాను."

"తగ్గి నెలైంది కదా మామ్మా!"

"అవునా? నాకెవరూ చెప్పలేదే. రోజూ అడుగుతూనే ఉన్నాను."

అప్పటిదాకా నాకు ప్రార్థనంటే అమ్మ నేర్పిన మాటలు అప్పజెప్పడమే. ఆ రోజు ఆమె పక్కన మోకరించి, మామ్మ కీళ్లనొప్పులు తగ్గించమని నా అంతట నేనే అడిగాను. ఆ ఖాళీ చర్చిలో ఉన్నది మేమిద్దరమే కాదనిపించింది. ఒళ్లు జలదరించింది గానీ పారిపోవాలనిపించలేదు. ఇన్నేళ్లకూ నా విశ్వాసమంటే నాకు ఆ జలదరింపే.