పెదవులకు అంటిన నీలం

ఆ వీధిలో ఎవరినడిగినా నీలాలయ్య ఇల్లు చూపిస్తారు. బట్టలకు రంగులద్దే మనిషి. నీలం తొట్టిలో చేతులు ముంచీ ముంచీ గోళ్ళన్నీ నీలమెక్కాయి. పక్కనే నిలబడి తడిసిన గుడ్డ తాను పిండే భార్య గోళ్ళూ అంతే. పెళ్ళైన నాటి నుంచి మొగుడూ పెళ్ళాలు కలిసి చేసిన పనులు రెండే: రంగులద్దడం, పోట్లాడుకోవడం.

పనిలో మాత్రం అతనికి వంక పెట్టలేం. తడిబట్ట తాకి చూసి ఇంకో మునక కావాలో వద్దో చెప్పేసేవాడు. అలాంటివాడు, దగ్గూ జ్వరంతో మంచం పట్టి లేచి, జ్వరం తగ్గిందని తొట్ల దగ్గరికెళ్ళి, నీలం వెయ్యాల్సిన తానుని ఎర్రరంగులో ముంచాడు. పైగా ఇకిలించాడు.

"ఏమండీ, ఒంట్లో ఎలా ఉంది?" అంది భార్య.

"నాకేం? గుండ్రాయిలా..." అని ఆగి, ఊపిరి తీసుకుని, "ఉన్నాను" అన్నాడు.

గుండ్రాయికి ఆయాసమేమిటి? ఆవిడకి ఒళ్ళు మండింది. మరిదికి కబురు పెట్టింది. అతను వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు పట్టుకొచ్చి అన్న వేలికి పెట్టాడు. ఎనభై నాలుగు.

"అయ్యో, తొంభై అయిదు పైన ఉండాలంటారు కదా!"

"కంగారు పడకు వదినా. గోటికి రంగుంటే ఇది తప్పు చూపిస్తుంది. అన్నయ్య గోళ్ళు చూడు, సగం తొట్టి అక్కడే ఉంది."

"మరి పెదవులో? అవీ నీలంగా ఉన్నాయి కదా!"

"ఆ చేతుల్తోనే మూతి తుడుచుకుని ఉంటాడు."

"సబ్బు పెట్టి తోమాను. పోలేదు."

"నీలం సబ్బుకెక్కడ పోతుంది వదినా?"

ఇంకేం చెబుతాం! ఏమడిగినా రంగే జవాబు. "మనిషే బాగున్నానంటుంటే మధ్యలో నీ గోలేంటి?" అని మరిది విసుక్కున్నాడు. బాగున్నానని చెప్పే ఆ బుర్రకే గాలి చాలడం లేదన్న ఊహ ఎవరికీ తట్టలేదు. తాగినవాణ్ణే పట్టుకుని నువ్వు తాగావా అని అడిగినట్టుంది వీళ్ళ వ్యవహారం.

మర్నాడు పొద్దున్నే తల పగిలిపోతోందంటూ లేచాడు. చొక్కా తిరగేసి తొడుక్కుని, గుండీలు దొరక్క తడుముకుంటున్నాడు. భార్య వెళ్ళి సరిచేయబోతే ఆవిడ మొహంలోకి చూసి, "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

ఆవిడ గుండీలు పెడుతున్న తన వేళ్ళవైపు చూసుకుంది. అదే నీలం. బల్లమీది మీటరు లాక్కుని తన వేలికి తగిలించుకుంది. తొంభై ఏడు.

"ఇలా రావయ్యా!" అని రాత్రి అక్కడే పడుకున్న మరిదిని కేకేసింది. "ఇదే మీటరు, ఇదే రంగు, ఇవే గోళ్ళు! నాకు సరిగ్గా చూపించేది ఆయనకే తప్పు చూపిస్తుందా? చెప్పు ఇప్పుడు!"

మరిది ఆటో కోసం పరిగెత్తాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ రొమ్ముకి గొట్టం ఆనించి విని, ఊపిరితిత్తుల్లో బాగా నెమ్ము చేరిందంది. రక్తంలో ప్రాణవాయువు ఇంతగా పడిపోయినా కొందరికి అంత ఆయాసం తెలియదట, మతి మాత్రం మందగిస్తుందట. "పెదవులు నీలబడితే వెంటనే తీసుకురావాలమ్మా. నిన్నే ఎందుకు రాలేదు?" అంది. ఆవిడ మరిదివైపు చూసింది. అతను గోడవైపు చూశాడు.

ముక్కుకీ మూతికీ మాస్కు పెట్టారు. ఆవిడ పక్కనే కూర్చుని ఆ పెదవులనే చూస్తూ ఉండిపోయింది. సబ్బుకి వదలని నీలం మెల్లమెల్లగా వదిలింది. సాయంత్రానికి నీలాలయ్య కళ్ళలోకి పాత చురుకు వచ్చింది. చుట్టూ చూశాడు. భార్యను గుర్తుపట్టి, మాస్కు కాస్త పక్కకి లాగి, ఎప్పటిలాగే గయ్యిమన్నాడు.

"నాకింత జరుగుతుంటే, ఒక్క మాట ముందే చెప్పొద్దటే?"

ఆవిడకి నెత్తిమీద ఒక్కటి మొట్టాలనిపించింది. మాస్కు మళ్ళీ సరిగ్గా పెట్టి, బావురుమని ఏడ్చింది.