ఊరు చెప్పని పేషెంట్

2025. న్యూజెర్సీలో పార్సిప్పనీకి దగ్గర్లో ఒక డయాలసిస్ సెంటర్‌లో నేను ఛార్జ్ నర్స్‌ని. అంటే షిఫ్ట్ మొత్తానికీ నేనే పెద్ద దిక్కు. ఎవరికి ఎవరు సూది వెయ్యాలి, ఏ మెషిన్ అలారం ఎందుకు మోగుతోంది, ఎవరి బీపీ పడిపోయింది, అన్నీ నా నెత్తినే. మా సెంటర్ ఒక టైర్ల షాపు పక్కన ఉంటుంది. ముందు వెయిటింగ్ రూమ్, తర్వాత తాళం పడే తలుపు, దాని వెనక ట్రీట్‌మెంట్ ఫ్లోర్. ఆ తలుపుని కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇందులో పేషెంట్‌ని చంద్రయ్య అంటాను. అది ఆయన అసలు పేరు కాదు. ఆయన గురించి ఇంకొన్ని కూడా అటూ ఇటూ మార్చాను. ఎందుకు మార్చానో చదివితే మీకే తెలుస్తుంది.

కిడ్నీలు పనిచెయ్యనివాళ్లు వారానికి మూడుసార్లు మా దగ్గరికి వస్తారు. రక్తాన్ని మెషిన్‌లోకి తీసి, శుభ్రం చేసి, తిరిగి ఎక్కిస్తాం. దానికోసం చేతిలో ధమనినీ సిరనీ కలిపి ముందే ఒక ఆపరేషన్ చేస్తారు. దాన్ని ఫిస్టులా అంటాం. దానిమీద వేలు పెడితే లోపల పిల్లి గుర్రుమన్నట్టు అదురుతుంది. అక్కడ రెండు లావుపాటి సూదులు దించాలి. చదువుతో వచ్చే పని కాదిది, హస్తవాసి ఉండాలి. అందుకే పేషెంట్లు "నాకు ఫలానా నర్సే కావాలి" అని పట్టుబడతారు. గొప్పలు చెప్పుకుంటున్నాను అనుకుంటారేమో. అవును, చెప్పుకుంటున్నాను. మా సెంటర్‌లో నా చెయ్యి తర్వాతే ఎవరి చెయ్యైనా.

చంద్రయ్య వచ్చిన మొదటి రోజే నాకు అనుమానం వచ్చింది. చార్ట్‌లో భాష అన్నచోట హిందీ అని ఉంది. మనిషిని చూస్తే మనవాడే. దగ్గరికెళ్ళి, "నమస్కారమండీ, బావున్నారా?" అన్నాను.

"నో తెలుగు, మేడమ్," అన్నాడు.

తెలుగు రానివాడికి నేను మాట్లాడింది తెలుగని ఎలా తెలిసిందో! సరే, ఏదో మొహమాటం అనుకుని సూదులు తీసుకున్నాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని, పక్క కుర్చీ దగ్గరున్న నర్సు మరిసోల్‌ని చూపించాడు. ఆ అమ్మాయి వెయ్యాలట.

మరిసోల్ వాళ్ళ అమ్మానాన్నలు డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చారు, వాళ్ళ ఇంటి భాష స్పానిష్. పిల్ల చురుకైందే, కాదనను. కానీ ఫిస్టులా పట్టుకోవడం ఆమెకి నేర్పింది ఎవరనుకున్నారు? నేనే. ఏళ్ళ తరబడి రెస్టారెంట్ కిచెన్‌లలో పనిచేసిన చంద్రయ్యకి తోటి వంటవాళ్ళ దగ్గర స్పానిష్ అబ్బింది. ఇంకేముంది, వాళ్ళిద్దరూ మొదలుపెడితే ఆగరు. ఆమె ఏదో అంటుంది, ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతాడు. నేను వెళ్తే మాత్రం ఇద్దరూ ఇంగ్లీషులోకి దిగి, "గుడ్ మార్నింగ్, మేడమ్."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని కూడా. ఈ రెండు సామెతలూ నాకోసమే పుట్టాయనిపించేది. కడుపు మండేది. ఇంటికెళ్ళి మా ఆయనతో చెబితే, "నీకు తక్కువ మంది పేషెంట్లున్నారా, ఆయన్ని వదిలెయ్యకూడదూ?" అన్నారు. వదిలెయ్యడానికి అది పంతం కాదు, అసూయ. అది వదలదు.

ఒకరోజు చంద్రయ్యకి పిక్క పట్టేసింది. ఒంట్లోంచి నీరు ఎక్కువ లాగితే అలా అవుతుంది, ప్రాణం పోతున్నంత నొప్పి. అప్పుడు ఆయన నోటివెంట వచ్చింది స్పానిషూ కాదు, హిందీ కాదు.

"అవ్వో! సచ్చిపోతన్న! పిక్క, పిక్క!"

మరిసోల్ బిత్తరపోయింది. నేను పరుగెత్తి, మెషిన్ నీరు లాగడం ఆపి, సెలైన్ ఇచ్చి, పాదాన్ని పైకి నొక్కిపట్టాను. "కాలు చాపండి అన్నా. ఊపిరి తీసుకోండి. తగ్గిపోతుంది," అన్నాను తెలుగులోనే. నొప్పి తగ్గింది. ఆయన నన్ను చూసిన చూపు, ఎవరి జేబులోనో చెయ్యి పెడుతూ దొరికిపోయినవాడి చూపు.

ఇక అప్పుడు ఏ తెలుగువాళ్ళయినా ఏమడుగుతారు? నేనూ అదే అడిగాను. "మీదే ఊరన్నా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. షిఫ్ట్ అయ్యేదాకా తెరవలేదు.

తర్వాతిసారి మరిసోల్ నన్ను సప్లై రూమ్‌లోకి పిలిచింది. "పద్మా, కోపం తెచ్చుకోకు. తన కుర్చీ దగ్గరికి నువ్వు రావద్దని అడుగుతున్నాడు."

"నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. కారణం నాకు చెప్పాడు. నీకు చెప్పొద్దన్నాడు."

"నేను ఛార్జ్ నర్స్‌ని, మరిసోల్."

"ట్రీట్‌మెంట్‌కి కావల్సినదైతే చెప్పేదాన్ని. ఇది దానికి సంబంధించింది కాదు."

రోగి ఆరోగ్య వివరాలు బయటికి పొక్కకూడదని ఇక్కడ హిపా అని ఒక చట్టం ఉంది. లోపలివాళ్ళమైనా సరే, పనికి ఎంత అవసరమో అంతే తెలుసుకోవాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఆ పాఠం చెప్పేది నేనే. నా పాఠం నాకే అప్పజెప్పిందా పిల్ల! ఒళ్ళు మండిపోయింది. ఆమె చెప్పింది న్యాయమే కావడంతో ఇంకా మండింది.

ఆ ఏడు మొదట్లోనే ఒక వార్త వచ్చింది. ఆసుపత్రుల్లాంటి చోట్లకి ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్లు మామూలుగా రాకూడదన్న పాత పద్ధతి ఎత్తేశారని. మా మేనేజర్ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. వెయిటింగ్ రూమ్‌లోకి ఎవరైనా రావచ్చు. తలుపు దాటి రావాలంటే మాత్రం కోర్టులో జడ్జి సంతకం పెట్టిన వారెంట్ ఉండాలి. వాళ్ళ ఆఫీసు వాళ్ళే సంతకం పెట్టుకున్న కాగితం చాలదు. ఫలానా మనిషి మా పేషెంట్ అని చెప్పకూడదు, కాదనీ చెప్పకూడదు. అబద్ధమాడకూడదు, ఎవరినీ దాచకూడదు, అడ్డంపడకూడదు. ఎవరి ఇమ్మిగ్రేషన్ స్టేటస్సూ అడగకూడదు, చార్ట్‌లో రాయకూడదు. అందరం తలలూపాం. మనదాకా ఎందుకొస్తుందిలే అనుకున్నాం.

వచ్చింది. ఆ రోజు మరిసోల్ ట్రైనింగ్‌కి వెళ్ళింది. వేరే దారి లేక చంద్రయ్య నాకు చెయ్యి చాపి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. రెండు సూదులూ వెన్నలో దిగినట్టు దిగాయి. ఒక్క మాట, కనీసం ఒక్క "థాంక్యూ"? ఊహూఁ. సగం ట్రీట్‌మెంట్ అయ్యేసరికి ఫ్రంట్ డెస్క్ అమ్మాయి నన్ను పిలిచింది. ఇద్దరు ఆఫీసర్లు నిలబడి ఉన్నారు. వాళ్ళ చేతిలో ఒక ఫొటో, ఒక కాగితం.

వెయిటింగ్ రూమ్‌లో సుబ్బారావుగారు కూర్చుని ఉన్నారు. రిటైరైన ఇంజనీరు, భార్యని డయాలసిస్‌కి తీసుకొస్తారు. మంచి మనిషి. ఆ మంచితనంతోనే చిక్కు. ఏ ఫొటో చూసినా ఆయనకి తెలిసిన మొహంలాగే ఉంటుంది, తెలిసింది చెప్పకపోతే అన్నం సహించదు. అప్పటికే కళ్ళజోడు సవరించుకుని లేస్తున్నారు.

"ఏదీ, ఇలా చూపించండి. మనవాళ్ళైతే నేను..."

"సుబ్బారావుగారూ!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తెలుగులోకి దిగాను. "మీరు సమాధానం చెప్పక్కర్లేదు. చెప్పకుండా ఉండే హక్కు మీకుంది."

"అదేంటమ్మా పద్మజా, మనకి దాచాల్సిందేముంది? మనం సిటిజెన్సే కదా."

"మీకు లేదండీ. ఈ ఊళ్ళో ఉన్న మనవాళ్ళందరి తరఫునా మీరు మాట్లాడొద్దు."

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని కూర్చున్నారు. పాపం, నేనలా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు.

ఆఫీసర్ మర్యాదగానే అడిగాడు, ఈ మనిషి ఇక్కడికి వస్తాడా అని. "ఎవరు వస్తారో, ఎవరు రారో నేను చెప్పలేనండీ," అన్నాను. కాగితం చూశాను. కోర్టు పేరు లేదు, జడ్జి సంతకం లేదు. ఆ మాటే చెప్పి, మేనేజర్‌కి ఫోన్ కలిపాను. ఆమె లాయర్‌తో మాట్లాడతానంది. వాళ్ళు బయట పార్కింగ్ లాట్‌లో ఉంటామని వెళ్ళారు. ఆ ఫొటోలో ఎవరున్నారో ఇక్కడ కూడా రాయను.

లోపల చంద్రయ్య మాత్రం వాళ్ళు తనకోసమే వచ్చారనుకున్నాడు. కిటికీలోంచి వాళ్ళ బండి కనిపించింది. నేను వెళ్ళేసరికి చేతికున్న టేపు పీకేస్తున్నాడు. ఒంట్లో రక్తం మెషిన్‌లో తిరుగుతుండగా సూది లాగేస్తే నిమిషాల్లో నేలంతా రక్తమవుతుంది. అలా కాకుండా పద్ధతిగా ఆపి పంపినా, ఆయన పొటాషియం అంతకుముందే ఎక్కువగా ఉంది, గుండె ఎప్పుడైనా ఆగొచ్చు. చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. కిటికీ బ్లైండ్స్ దించమని టెక్నీషియన్‌కి చెప్పాను.

"తీసెయ్యండి మేడమ్. నేను పోత." అదే మొదటిసారి, నాతో తెలుగులో.

"ఎక్కడికి పోతారు? బయట వాళ్ళున్నారు. లోపల నేనున్నాను."

నా కళ్ళలోకి సూటిగా చూశాడు. "మీరే చెప్పిన్రా?"

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపం. ఇన్నాళ్ళ ఉక్రోషమంతా గొంతులోకి వచ్చేసింది. మాటలు మాత్రం పక్క కుర్చీకి వినపడకుండా, పళ్ళ బిగువున అన్నాను.

"ఏం చెప్తానయ్యా? నాకు మీరు చెప్పిందేముంది? ఊరు చెప్పారా? పలకరిస్తే పలికారా? మీ కబుర్లన్నీ మరిసోల్‌కి. నాకేమో 'నో తెలుగు'. ఎవరైనా నన్ను చంపి అడిగినా మీ గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు!"

ఆయన మొహంలో ఏదో సడలింది. నవ్వో ఏడుపో తెలీదు గానీ, భుజాలు కదిలాయి. చెయ్యి వదులు చేశాడు.

"గది నిజమే," అన్నాడు.

మళ్ళీ టేపు వేశాను. తలుపు తాళం తీసేది కోర్టు వారెంట్ వస్తేనే అని చెప్పాను. అది వస్తే ఏం చెయ్యగలనో తెలీదని కూడా చెప్పాను, ఎందుకంటే తెలీదు. స్టూల్ లాక్కుని ఆయన పక్కనే కూర్చున్నాను. కొంతసేపయ్యాక ఆయనే మొదలుపెట్టాడు.

"మనోళ్ళకి ఊరు జెప్తే సాలు మేడమ్, ఇల్లు దొరుకుతది. ఇదివరకు ఒగాయన గిట్లనే అడిగిండు, మంచిగనే. మా ఊళ్ళె ఆయన తోడల్లుడు ఉన్నడు. వారం తిరక్కముందే నా ఫొటో వాట్సాప్ గ్రూపుల పడ్డది, మా ఊరాయన ఇక్కడ కాయితాల్లేకుంట ఉన్నడని. ఆయన సెడ్డోడు గాదు. గంతే, మనోళ్ళు."

మరిసోల్‌కి ఆ ఊరి పేరు చెప్పినా ఏం నష్టం? ఆమెకి అక్కడ తోడల్లుళ్ళు లేరు. నాకు ఉండొచ్చు. ఇన్ని నెలలూ ఆయన నన్ను ఎందుకు దూరం పెట్టాడో అప్పటికి బోధపడింది. బోధపడినంత మాత్రాన మంట చల్లారిందనుకోకండి. కాస్త సెగ తగ్గింది, అంతే.

ట్రీట్‌మెంట్ పూర్తవకముందే లాయర్ ఫోన్‌లో వాళ్ళతో మాట్లాడింది. బండి వెళ్ళిపోయింది. చంద్రయ్య వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాతి సెషన్‌కి రాలేదు. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నాకు పని సాగలేదు. డయాలసిస్ మానేసిన మనిషి రోజుల్లో పోతాడు. పట్టుకునేవాళ్ళు పట్టుకోనక్కర్లేదు, భయమే చాలు. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. మరిసోల్ చేస్తే ఎత్తాడు. చూశారా? ఆ నిమిషంలో కూడా నాకు చురుక్కుమంది, కానీ పక్కన నిలబడి, "పొటాషియం సంగతి చెప్పు, పళ్ళూ కొబ్బరినీళ్ళూ ముట్టొద్దని చెప్పు, షిఫ్ట్ మారుస్తానని చెప్పు," అంటూ అందించాను. ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని అన్నీ స్పానిష్‌లో చెప్పింది.

ఇంకో షిఫ్ట్‌లో, ఇంకో కుర్చీలోకి వచ్చాడు. మొహం ఉబ్బింది, ఆయాసం. మరిసోల్ సూదులు తీసుకుని వెళ్ళింది. ఆయన ఆమెతో ఏదో అన్నాడు. ఆమె ఆగి, మూతి ముడుచుకుని, నా దగ్గరికి వచ్చి ట్రే చేతిలో పెట్టింది.

"నువ్వు వెయ్యాలట."

ఆ ముడుచుకున్న మూతి చూసి నాకు కలిగిన ఆనందాన్ని ఇక్కడ పూర్తిగా రాస్తే బాగుండదు.

ఫిస్టులా మీద వేలు పెట్టాను. చక్కగా గుర్రుమంటోంది. మొదటి సూది దించాను. రెండోది దించాను. నేనేమీ అడగలేదు. నాలుక చివర ఉన్నదాన్ని మింగాను. టేపు వేస్తుంటే ఆయన గోడవైపు చూస్తూ, నాకొక్కదానికే వినపడేలా, తన ఊరి పేరు చెప్పాడు.

నాకు తెలిసిన ఊరే. నర్సింగ్ స్కూల్ హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయిది ఆ ఊరే. ఇప్పటికీ పండగలకి ఫోన్ చేసుకుంటాం. ఆ తర్వాత కూడా చేసుకున్నాం, ఈ మాట మాత్రం నా నోట రాలేదు. నర్సు అంటే తెలుసుకోవాల్సిన మనిషి అనుకుంటూ ఇన్నేళ్ళు పనిచేశాను. తెలియకపోవడం కూడా ఒక కాపలా అని, తెలిశాక ఆ కాపలా ఇంకా బరువని నాకు నేర్పింది ఈ కేసే.

చేతులు కడుక్కుంటుంటే మరిసోల్ పక్కకి వచ్చింది. "నీకేదో చెప్పాడు. నాకెప్పుడూ చెప్పనిది. ఏంటది?"

"ట్రీట్‌మెంట్‌కి సంబంధించింది కాదు," అన్నాను.