సత్తక్క పందిరికి సిరిసిల్ల నూలు

నిన్న పొద్దున సిరిసిల్ల నుంచి కోరుట్ల బస్సులో వస్తున్నాను.

ఒళ్లో సంచి. సంచి నిండా మా అమ్మవాళ్ల మరమగ్గం దగ్గర మిగిలిన నూలు. సత్తక్క కోసమే తెస్తున్నాను.

ఫోన్ మోగింది. పక్కింటి రజిత.

"సత్తక్క పోయిందే స్వరూపా. పొద్దుగాల ఛాతిల నొప్పి అన్నదట. దవాఖానకు తీస్కపోతాంటె తొవ్వలనే పాణం పోయింది."

ఏం మాట్లాడుతున్నావే అని బస్సులో అందరూ తిరిగి చూసేలా అరిచాను. మొన్న సాయంత్రమే కదా ఫోన్ చేసి బెదిరించింది!

"సిరిసిల్లకు పోయి ఒట్టి చేతులతోని రాకు. చిక్కుడు తీగె పాకుతాంది, కట్టతందుకు దారం లేదు."

ఇప్పటికీ సగం నమ్మడం లేదు నేను.

అక్క తెలియని వాళ్ల కోసం చెబుతాను. కోరుట్లలో మా కాలనీకి పార్కు కోసం వదిలిన జాగా ఒకటి ఉంది. పేరుకే పార్కు. ఎంగిలి విస్తళ్లు, పగిలిన సీసాలు, పందులు. సత్తక్క ఒకరోజు గడ్డపార పట్టుకుని అందులో దిగింది. ఆమె వెనక ఒక్కొక్కరం దిగాం.

మాలో సగం మంది భర్తలు గల్ఫ్‌లో ఉన్నారు. "మొగోళ్లు దుబాయ్ పోతే ఆడోళ్లు మట్టి పిసుకుతున్నరు" అని నవ్వినవాళ్లు ఉన్నారు. వాళ్ల ఇళ్లకే ఇప్పుడు మా బెండకాయలు వెళ్తున్నాయి. మర్చిపోలేదు, అందుకే చెబుతున్నాను.

తోట వేశాక అక్కకు ఇంకో పిచ్చి పట్టింది. చదువు.

జగిత్యాలలో ఇంటితోటల మీద ట్రైనింగ్ ఉందని విని నన్ను లాక్కుని బస్సెక్కింది. అక్కడ టేబుల్ దగ్గరున్న అమ్మాయి "బ్యాచ్ నిండిందమ్మా. అయినా ఇంత వయసుల మీకెందుకు?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అక్కకు కాలేదు.

"చదువుకునేటోళ్లకు జాగ లేదు, సరే. పని చేసేటోళ్లకు ఉన్నదా?"

ఊరికే పని చేస్తానంటే వద్దనేవాళ్లు ఎవరు? అక్క వాలంటీర్ అయిపోయింది. నర్సరీ కవర్లలో మట్టి నింపే డ్యూటీ. ఆ మట్టికుప్పను క్లాస్ రూమ్ కిటికీ కిందికి మార్పించుకుంది! చేతులు మట్టిలో, చెవులు పాఠంలో.

"సారూ, గా ఏపకషాయం సంగతి మల్లొక్కపారి చెప్పుండ్రి. ఈడ బస్సు హారన్లకు ఇనవడలే."

లోపలున్నవాళ్లంతా నవ్వారు. సారు కూడా నవ్వి, లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. తర్వాతి బ్యాచ్‌లో అక్క పేరుంది. నా పేరు కూడా.

అక్కడితో ఆగితే ఆమె సత్తక్క ఎందుకవుతుంది? ఒక రూల్ పెట్టింది. ఎవరు ఏ ట్రైనింగ్‌కు వెళ్లొచ్చినా, వచ్చే ఆదివారం తోటలో మిగతావాళ్లకు క్లాస్ చెప్పాల్సిందే.

"నేర్సుకున్నది కడుపుల దాసుకుంటె అజీర్తి అయితది" అనేది. గడప దాటి గొంతెత్తని రజిత కూడా కంపోస్ట్ మీద క్లాస్ చెప్పింది. చెప్పించింది అక్క.

నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. లేకపోతే ఏడుస్తాను.

కలుపు మీద క్లాస్ విన్న ఊపులో ఒకరోజు మేమంతా తోటలో దిగి కలుపు తీసేశాం. అక్క జగిత్యాలలో ఉంది. వచ్చి మెచ్చుకుంటుందని గోడవారన ఉన్న చిన్న మొలకల్ని కూడా వదల్లేదు. అవి బతుకమ్మలో పేర్చే పూల కోసం అక్క చల్లుకున్న గునుగు! చేలల్లో కలుపు మందు కొట్టి కొట్టి గునుగు దొరకడం లేదని, ఎక్కడెక్కడో విత్తనం ఏరి తెచ్చి చల్లింది.

అక్క వచ్చింది. గోడ వైపు చూసింది. మా వైపు చూసింది.

"మంచిగనే నేర్సిన్రు. గిప్పుడు బతుకమ్మల ఏం పెడ్తరే, సర్టిఫికెట్లా?"

పండుగకు మమ్మల్ని బోయినపల్లి తోలింది, వాళ్ల చుట్టాల చెలకలో గునుగు కోసుకు రమ్మని. కట్టలు పట్టుకుని బస్సులో నిలబడి వచ్చాం. అందులో రెండు కట్టలు మాత్రం అక్క బతుకమ్మలో పేర్చనివ్వలేదు. "పండుగ పువ్వును దాసుడేందే" అని మా అత్తమ్మ గొణిగితే, "మల్లచ్చే పండుగకే వదినె" అంది. ఇప్పుడు గోడ పొడవునా ఉన్న గునుగు ఆ కట్టల విత్తనమే.

ఇక అసలు సంగతి.

నిన్న అక్కను సాగనంపి వస్తున్నాం. ఇంటికి పోయి స్నానం కూడా చేయలేదు. కాలనీ పెద్దమనిషి ఒకాయన తోట గేటు దగ్గర ఆపాడు.

"ఇగ ఆమెనే పోయె. తోట ఎవలు జూస్తరు? ఆదివారం మనుషులను పిలుస్తున్న, చదును జేస్తరు. కార్లకు షెడ్డు ఏద్దాం."

సాయంత్రానికి వాట్సాప్ గ్రూప్‌లో ఆయన మెసేజ్. ఈ ఆదివారం తోటలో క్లాస్ లేదట!

అన్నా, నువ్వు ఈ పోస్ట్ చూస్తావని తెలుసు. నింపాదిగా చూడు.

అది పార్కు జాగా. పందులు తిరిగినన్నాళ్లు నీకది గుర్తుకు రాలేదు. సత్తక్క పోతే తోట పోతుందనుకున్నావు. అక్కడే తప్పులో కాలేశావు. అక్క మా అందరితో పట్టుబట్టి క్లాసులు ఎందుకు చెప్పించిందో, నిన్న నీ మాట విన్నాకే నాకు అర్థమైంది.

జగిత్యాలలో విత్తనాల ట్రైనింగ్‌కు అక్క పేరు ఇచ్చి ఉంది. ఫోన్ చేసి అడిగాను. ఆ సీటులో రజిత కూర్చుంటుంది. మట్టి నింపే పనికి నేను పోతాను.

మైల రోజుల్లో తోట ఏంటని కొందరన్నారు. అక్క కోడలినే అడిగాను. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది పాపం.

"మైల మాకు అక్కా, చెట్లకేంది? నీళ్లు పొయ్యకుంటె అత్తమ్మ ఊకుంటదా?" అంది.

ఇంకేం కావాలి?

కాబట్టి ఏడుపు బొమ్మలు పెట్టి ఊరుకోకండి. ఆదివారం పొద్దున రండి. దండలు తేవద్దు, ఇంట్లో ఉన్న పార తెచ్చుకోండి.

క్లాస్ ఉంది. చిక్కుడు తీగను పందిరికి కట్టడం. చెప్పేది నేను. నూలు నా దగ్గరే ఉంది.

చదును చేయడానికి వచ్చేవాళ్లూ రావచ్చు. వాళ్లకూ నేర్పిస్తాం.

పోయిరా సత్తక్కా. ఇన్నేండ్లు వంగిన నడుము, ఇగ నిమ్మళంగ ఒరుగనీ. పందిరి మేం కడ్తం.