గంజి పెట్టిన టోపీ

పంద్రాగస్టు పొద్దున షోలాపూర్ సిటీ బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె పేరు నేను అడగలేదు. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఎక్కింది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల గాంధీ టోపీని నలగకుండా రెండు అరచేతుల్లో పట్టుకుంది.

"ఎవరికి?" అన్నాను.

"మా ఆయనకక్కా. భవాని పేట్‌ల అత్తగారింటికి పోయి పెట్టాలె."

"ఆయనకు చేతుల్లేవా?"

ఆమె పకపకా నవ్వింది. "ఉన్నయి గని, మా ఇంట్ల ఆడోళ్లే పెట్టాలె. తెల్లదొరలు ఈ ఊర్ల పెట్టిన మార్షల్ లాల ఈ టోపీ పెడితే పోలీసులు కొడుతుండిరంట. మా అత్తకు అత్త, మొగని టోపీ మగ్గం గుంటల దాచింది. ఎంత అడిగినా ఇయ్యలే. స్వాతంత్య్రం వచ్చినాకనే తీసి, తన చేతులతోని నెత్తిన పెట్టింది. గప్పటిసంది ఏటేటా గిట్లనే. మొగోళ్లు వరుసగ కూసొని తల వంచుతరు."

బి.ఏ.లో చరిత్ర చదివిన దాన్ని, మార్షల్ లా గురించి ఆమెకే పాఠం చెప్పగలను. కానీ మా ఆయన తలంబ్రాలప్పుడు కూడా నాకు తల వంచలేదు. టోపీని తాకబోతే ఆమె మెల్లగా పక్కకు జరిపింది. నాకు ఒళ్లు మండింది.

"మీ ఇంట్ల ఏం జేస్తరక్కా?"

"జిలేబీలు తింటం" అన్నాను.

బస్సు దిగగానే బజారులో ఒక టోపీ కొన్నాను. ఇంట్లో మా ఆయన పేపరు చదువుతున్నాడు.

"జర తల వంచుండ్రి" అన్నాను.

"ఎందుకే?" అన్నాడు.

ఎవరితోనైనా వాదించి గెలిచే నేను, టోపీని ఆయన పేపరు పక్కన పెట్టి, జిలేబీలు తేవడానికి వంటింట్లోకి వెళ్లాను. మర్నాడు ఎండగా ఉందని ఆ టోపీ ఆయనే పెట్టుకుని బయటికి వెళ్లాడు.