దూలా ఆడిన దోస్తు

మా దోస్తు పోలీసు ఠాణాలో చచ్చిపోయాడు. ఈ సంగతి చివరిదాకా దాచి చదివేవాళ్లను బెదరగొట్టడం నాకు ఇష్టం లేదు, అందుకే ముందే చెప్తున్నాను. కొట్టినవాళ్లు ముందు వాడి వీపు చూశారు. చూసి ఒక నిర్ణయానికి వచ్చారు. ఆ వీపు అట్లా ఎందుకైందో కళ్లారా చూసినవాణ్ణి వరంగల్‌లో నేనొక్కణ్ణే.

మేమిద్దరం ఫార్సీ చదవడానికి గొప్ప కారణమేమీ లేదు. కాలేజీలో రెండో భాషగా ఫార్సీ తీసుకుంటే మార్కులు ధారాళంగా పడతాయని సీనియర్లు చెప్పారు. ఫార్సీ సారుకు బెంచీ మీద ఎవరో ఒకరు కూర్చుంటే చాలు. మాది చర్చి కుటుంబం. మా నాన్న దవాఖానలో కాంపౌండరు. వాడిది మడికొండ అవతలి పల్లె, అమ్మానాన్న కూలికి పోయేవాళ్లు. ఏటా పీర్ల పండుగకు వాడి నాయన పీరు మోసేవాడు. పీర్ల దగ్గరికి పోవద్దని మా నాన్న అనేవాడు. నేను పోయి దూరంగా నిలబడేవాణ్ణి. అలావ గుండంలో నిప్పులు ఎర్రగా ఉండేవి. డప్పు మొదలు కాగానే మా దోస్తు గుండం చుట్టూ దూలా ఆడేవాడు, ఒంటికాలి మీద గిర్రున తిరిగి కేకపెట్టి ఎగిరేవాడు. ఆ పల్లెలో వాడిని మించి ఆడేవాడు లేడు.

మార్కుల కోసం మొదలుపెట్టింది హైదరాబాదులో ఎమ్మే దాకా పోయింది. వాడికి ఆ భాష నాకంటే బాగా పట్టింది. డెబ్బైల నడుమ ఒక చలికాలం మా క్లాసు వాళ్లను కొందరిని ఇరాన్‌కు పంపించారు. ఖర్చు వాళ్ల ప్రభుత్వానిదే. షా ఇంకా గద్దె మీద ఉన్న రోజులు. పెద్ద నగరాలు కాదు, దక్షిణాన ఒక మోస్తరు ఊరు. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం పాత మసీదులు, తివాచీలు నేసే ఇండ్లు చూపించేవాళ్లు. మా ఇద్దరికీ ఒక ముసలి వితంతువు ఇంట్లో గది దొరికింది. ఆమెను ఖానుమ్ అని పిలిచేవాళ్లం. అంటే అమ్మగారు.

మేము నేర్చుకున్న ఫార్సీ వందల ఏండ్ల నాటిది. దుకాణంలో ఉప్పు అడిగితే, మన దగ్గర ఎవడో వచ్చి భారతం భాషలో ఉప్పు అడిగినట్లుండేది. దుకాణం వాళ్లు పక్కవాళ్లను పిలిచి మరీ మాతో మళ్లీ అడిగించేవాళ్లు.

"నవ్వనియ్ బే, ఉప్పైతే ఇస్తాండ్రు గద," అనేవాడు మా దోస్తు.

ముహర్రం, అంటే మన పీర్ల పండుగ, వచ్చింది. క్లాసులకు సెలవిచ్చారు. ఆ రోజుల్లో బజారులో తిరగొద్దని మా మాస్టరు చెప్పాడు, ఎందుకో చెప్పలేదు. ఒక మధ్యాహ్నం రొట్టెల కోసం పోయాం. సందు మలుపులో డోలు వినపడింది. నల్ల చొక్కాల మగవాళ్లు వరసగా రొమ్ము కొట్టుకుంటూ వస్తున్నారు. ముందు ఒకతను ఇనుప అలం మోస్తున్నాడు. దానికి ఆకుపచ్చ గుడ్డలు, ఈకలు. మా పీరు లాంటిదే, నాలుగింతలు పెద్దది.

నేను పక్కకు తిరిగేసరికి మా దోస్తు నవ్వుతున్నాడు.

"అరేయ్, పీరు రా! గిన్ని దినాలకు!"

రొట్టెలు నా చేతిలో పెట్టాడు. నేను మోచెయ్యి పట్టుకోబోయాను. అందలేదు. అలం ముందు దూకి, చేతులు పైకెత్తి, ఒంటికాలి మీద తిరిగి, "దూలా! దూలా!" అని కేక పెట్టాడు. ఊళ్లో ఎట్లా ఎగిరేవాడో అట్లాగే ఎగిరాడు. మూడు చుట్లు తిరిగేదాకా ఎవరూ కదలలేదు. వాళ్లకు అది ఏమిటో అర్థం కాలేదు. తర్వాత అర్థమైందనుకున్నారు.

మొదటి దెబ్బ డోలు కర్రతో, నోటి మీద. పై పన్ను విరిగి కింద పడింది. వాడు ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాడు. రెండో దెబ్బకు మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆ తర్వాత నాకు వాడు కనపడలేదు, బూట్లే కనపడ్డాయి. తాగాడని ఒకడు అరిచాడు. తమను వెక్కిరించడానికి సర్కారు పంపిందని ఇంకొకడు. యజీదు మనిషి అని అందరూ అందుకున్నారు. వాళ్లు ఎవరి కోసం రొమ్ము కొట్టుకుంటున్నారో ఆ హుసేన్‌ను చంపించినవాడి పేరు అది. ఆ ఊళ్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. నేను నాకొచ్చిన ఫార్సీ అంతా అరిచాను. నా దవడ మీద ఎవరో గుద్దారు, గోడకు పడ్డాను. డోలు వాడు కర్రను రెండు చేతులతో పట్టుకుని కొడుతున్నాడు. వాడి కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆ కన్నీళ్లు మమ్మల్ని చూసి వచ్చినవి కావు, పొద్దటి నుంచి కారుతున్నవే.

ఖానుమ్‌ను ఎవరు పిలిచారో తెలియదు. గుంపులోకి చొరబడి, మా దోస్తు మీద తన చాదర్ కప్పి, వాడి పక్కనే రోడ్డు మీద కూర్చుంది. పరాయి ఆడమనిషి చాదర్ మీద కొట్టలేక ఆగిపోయారు. డోలు మళ్లీ మొదలయ్యేదాకా అట్లాగే కూర్చుంది.

ఇంట్లో గాయాలు కడుగుతూ అడిగింది. "మీ ఊళ్లో హుసేన్ కోసం ఎగురుతారా?"

వాడు నోట్లో గుడ్డ తీసి చెప్పాడు. "ఎగురుతాం. ఆఖరి రోజు పీర్లను వాగుకు తీసుకుపోయేటప్పుడు ఏడుస్తాం. మా అమ్మ రొమ్ము కొట్టుకుని ఏడుస్తుంది."

"ఆఖరున ఏడ్చేవాళ్లు ముందు ఎగరడమెందుకు?"

"చచ్చిపోయినవాడు ఏడాదికొకసారి ఇంటికి వస్తే ఎగరమా?"

ఆమె గుడ్డను నీళ్లలో పిండింది. నమ్మిందో లేదో తెలియదు.

రెండు దినాలు వాడు నాతో సరిగా మాట్లాడలేదు. ముహర్రం పదో నాడు పొద్దున లేచి ఒంటి మీది అంగీ విప్పాడు.

"యాడికి?"

"గాళ్ల కాడికి."

"సంపుతరు రా నిన్ను."

"సంపితె సంపనియ్. మా నాయన పీరు మోస్తడు. నన్ను యజీదు మనిషి అన్నరు. గా మాట నెత్తిన పెట్టుకొని ఊరికి పోవాల్నా?"

"మనోళ్లకెట్ల తెలుస్తది?"

"నాకు తెలుసు గద."

చౌరస్తాలో అదే గుంపు. ఆ రోజు వాళ్లు గొలుసులతో కొట్టుకుంటున్నారు. చెక్క పిడికి సన్నటి గొలుసుల గుత్తి. వాటికి వాదర లేదు, తాళం ప్రకారం కుడి భుజం మీదుగా ఒకటి, ఎడమ భుజం మీదుగా ఒకటి వేసుకుంటే చర్మం కమిలిపోతుంది, అంతే. వాళ్లు చొక్కాల మీదనే వేసుకుంటున్నారు. మా దోస్తు వరసలో నిలబడ్డాడు. నోరు ఇంకా ఉబ్బి ఉంది. డోలు వాడు గుర్తుపట్టాడు. ఒక గొలుసుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టాడు.

మొదట తాళంతోనే కొట్టుకున్నాడు. తర్వాత తాళం తప్పాడు. చలికి బిగుసుకున్న ఉత్త వీపు మీద, గొలుసును తల వెనక్కి ఎంత దూరం పోతే అంత దూరం తీసుకుపోయి వేసుకున్నాడు. చర్మం ముందు ఎర్రబడింది, తర్వాత పగిలింది, తర్వాత గొలుసు తడిసిన చప్పుడు వచ్చింది. పక్కవాళ్ల మొహాల మీద చుక్కలు పడ్డాయి. వరస ఆగిపోయింది. ఒక్కడే కొట్టుకుంటున్నాడు. డోలు వాడు వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. "బస్," అన్నాడు. వీడు విదిలించుకున్నాడు. "బస్, తమ్ముడూ, బస్." ఇంకో ఇద్దరు కలిసి చెయ్యి వెనక్కి విరిచి గొలుసు గుంజుకున్నారు.

పుండ్లు చీము పట్టాయి. కోర్సు అయిపోయేదాకా బోర్లా పడుకునే ఉన్నాడు. డోలు వాడు రోజూ వచ్చి, తలగడ పక్కన కలకండ పెట్టి, కాసేపు కూర్చుని పోయేవాడు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో నేను ఎన్నడూ అడగలేదు.

ఊరికి వచ్చాక బాయి కాడ స్నానం చేస్తుంటే పల్లె అంతా చూసింది. భుజాల మీద తాళ్లు పేనినట్లు మచ్చలు. "ఇరాన్ పోయి సదువుకొచ్చిండా, తన్నులు తినొచ్చిండా?" అని ఈడువాళ్లు ఎక్కిరించారు. "రెండూ ఫ్రీయే," అన్నాడు వాడు. వాళ్ల నాయన మాత్రం ఆ ఏడు పీరు ఎత్తుకునే ముందు కొడుకు వీపు మీద ఊదు పొగ పట్టి చాలాసేపు నిలబడ్డాడు.

నాకు వరంగల్‌లో లెక్చరరు ఉద్యోగం వచ్చింది. వాడు హైస్కూల్లో టీచరయ్యాడు. నైజాం కాలపు భూమి కాగితాలు ఉర్దూలో, ఫార్సీ మాటలతో ఉంటాయి. రైతులు సంచీల్లో పెట్టుకుని వాడి దగ్గరికి వచ్చేవాళ్లు. అరుగు మీద కూర్చుని ఏ భూమి ఎవరిదో చదివి చెప్పేవాడు. దొరలకు అది కంటగింపైంది. ఎనభైల్లో వరంగల్ చుట్టుపక్కల సంఘం మనిషి, అంటే నక్సలైటు, అనిపించుకోవడానికి అంతకంటే పెద్ద పని చెయ్యనక్కర్లేదు. ఒకనాడు పోలీసులు వాణ్ణి బడి నుంచి జీపులో ఎక్కించుకుపోయారు.

వాళ్ల నాయన అప్పటికే పోయాడు. వాడి తల్లి వచ్చింది, నేను అవ్వ అని పిలిచేవాణ్ణి. నన్ను వెంట ఠాణాకు తీసుకుపోయింది. వాణ్ణి బతికించి ఇంటికి తెచ్చుకోవాలి, మాకు కావలసింది అదొక్కటే. ఇన్‌స్పెక్టర్ మర్యాదగానే కుర్చీ చూపించాడు. పక్క జిల్లా మనిషి.

"సార్, వీపు సూసినం మేం. గది ఒక్కనాటి దెబ్బల వీపు గాదు. వీన్ని ఇదివరకే ఎవలో గట్టిగ అడిగిన్రు. అయినా మా రికార్డుల వీని పేరు ఎక్కడ లేదు. అంటె నోరిప్పలే. అంటె ఎంత పెద్దోడో సూడున్రి."

నేను ఉన్నది ఉన్నట్లు చెప్పాను. కోర్సు, డోలు, గొలుసులు, అన్నీ. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు.

"మా ఊర్ల గూడ పీర్లు లేస్తయి సార్. సిన్నప్పుడు నేను గూడ దూలా ఆడిన. పీర్ల పండుగంటె ఎగురుడు. వీపు పలగ్గొట్టుకునుడు ఏంది?"

"హైదరాబాదు పాతబస్తీలో కూడా కొట్టుకుంటారు."

"వాళ్లు షియాలు. వాళ్ల పద్ధతి. మడికొండ కాడి కూలోని కొడుకు ఎందుకు కొట్టుకుంటడు సార్? లెక్చరరు అయ్యుండి మీరు గూడ గిట్ల అబద్ధమాడితె ఎట్ల?"

అప్పుడే లోపలి నుంచి చప్పుడు వచ్చింది. కర్రతో తడి మూట మీద కొట్టినట్లుంది. కేక లేదు. అవ్వ లేచి నిలబడింది.

"నా కొడుకా?"

ఇన్‌స్పెక్టర్ కాగితాల వైపు చూశాడు. "ఒర్లుత లేడు సూసిన్రా," అన్నాడు నాతో. "గదే నేను జెప్పేది."

అవ్వ లోపలి తలుపు మీద పడింది. కానిస్టేబుల్ ఆమెను జుట్టు పట్టి వెనక్కి గుంజాడు. నేను అడ్డం పోతే లాఠీ పొడుగునా నా ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. మమ్మల్ని గేటు బయటికి తోసేశారు.

తెల్లారి దవాఖానకు రమ్మని కబురొచ్చింది. మూర్ఛ వచ్చి పోయాడన్నారు. శవాన్ని అప్పగిస్తూ, డప్పు కొట్టొద్దని, జనం పోగు కావొద్దని చెప్పారు.

ఇంటి ముందు నీళ్లు పోసేటప్పుడు బోర్లా తిప్పారు. అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు ఆడ ఉన్నవ్ గద కొడుకా. ఇందుల నా కొడుకు కొట్టుకున్నయి ఏవి? గాళ్లు కొట్టినయి ఏవి?"

ఎడమ చేతితో చూపించాను. భుజాల మీద నున్నగా, తెల్లగా ఉన్నవి వాడివి. వాటి కింద, నడుము నుంచి పిక్కల దాకా, అరికాళ్లలో, నల్లగా ఉన్నవన్నీ వాళ్లవి. ఒకటి రెండు చోట్ల పాత మచ్చ మీదనే కొత్త దెబ్బ పడింది. అక్కడ నేను ఆగిపోతే ఆమే నా వేలు పట్టుకుని జరిపింది.

కొత్త గుడ్డ చింపి వాడి భుజాల మీద కప్పింది. "ఇవి వానియి. ఎవ్వలు సూడొద్దు." మిగతా ఒంటి మీద నడుముకు తప్ప గుడ్డ వెయ్యనియ్యలేదు. పాడె మీద వెల్లకిలా తిప్పబోతుంటే ఆపింది.

"బోర్లనే తీస్కపోండ్రి."

"ఏందమ్మా, శవాన్ని బోర్ల తీస్కపోతరా యాడన్న?" అన్నాడు కులపెద్ద.

"నా కొడుకును తీస్కపోత."

బోర్లానే పాడె మీద పడుకోబెట్టారు. డప్పు లేదు. నా మంచి చెయ్యి ఉన్న వైపు నేను పట్టాను. కాటికి రెండు దారులున్నాయి, పొలాల నుంచి ఒకటి, ఠాణా ముందు నుంచి ఒకటి. అవ్వ కుండ పట్టుకుని ముందు నడిచింది. ఠాణా దారికి మళ్లింది.