నాట్ల రోజుల్లో ఆరబోసిన వడ్లు

శ్మశానం పక్కన చేపల చెరువుంటే దాని నీళ్లు కొలవడానికి నన్నే పిలుస్తారు. మిగతావాళ్లు పట్టపగలు కూడా ఆ గట్టు ఎక్కరు. నేను ఎక్కుతాను, ఆ గట్టు మీదే కూర్చుని క్యారేజీ విప్పుకుని అన్నం తింటాను. నాకు ధైర్యం ఎక్కువని కాదు. లేనిదానికి భయపడడం చేతకాదు, అంతే. ఇది చదివాక నన్ను దయ్యాలను నమ్మేవాళ్లలో కలిపేస్తే మాత్రం ఒప్పుకోను. ముందే చెబుతున్నాను.

నా పేరు మస్తాన్. మాది ఏలూరు. చదివింది ఏడో తరగతి. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల పొడవు, వెడల్పు, నాలుగు చోట్ల లోతు చూసి, దేనికి ఎంత సున్నం పడుతుందో, ఎంత మందు కలపాలో లెక్క కట్టి చెబుతాను. కావలసిన సున్నం నేనే తీసుకెళ్లి ఇస్తాను. ఆ లెక్కలు ఎవరూ నేర్పలేదు. తప్పులు చేసి, తిట్లు తిని నేర్చుకున్నాను. తిరగడానికి ఒక పాత వ్యాన్ ఉంది. వెనక బస్తాలు, ముందు నేను. ఆ వ్యాన్ ఆగితే నా పని ఆగినట్టే.

ఆ వ్యాన్‌లో కెమెరా పెట్టడానికి కారణం పోలీసులే. ఒకసారి హైవే మీద ఒక కానిస్టేబుల్, చెయ్యి ఎత్తినా ఆపలేదని నన్ను పట్టుకున్నారు. నేను ఆపాను. ఆపబట్టే కదా ఆయన నాతో మాట్లాడుతున్నారు! ఆ మాటే అంటే, "నువ్వు ఆపావనడానికి సాక్షి ఎవరు?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. సరే, సాక్షినే పెట్టుకుందామనుకున్నాను.

తాడేపల్లిగూడెంలో పెళ్లి వీడియోలు తీసే ఒకాయన కొత్త కెమెరా కొనుక్కుని పాతది అమ్మేస్తున్నారని తెలిసి వెళ్లి తెచ్చుకున్నాను. చిన్న క్యాసెట్ పడుతుంది. అది నిండితే వెనక్కి తిప్పి మళ్లీ దాని మీదే తీసుకోవచ్చు. వడ్రంగి చేత చెక్క పీట చేయించి, స్టీరింగ్ అవతల అద్దం దగ్గర సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాను. విదేశాల్లో కార్ల ముందు ఇలాంటివి పెడతారని, వాటిని డ్యాష్ క్యామ్ అంటారని తర్వాత ఎవరో చెప్పారు. మా వాళ్లకు మాత్రం అది 'మస్తాన్ పెళ్లి వీడియో'. టీ కొట్టు దగ్గర బండి ఆపితే చాలు, "పెళ్లికూతురేది బాబాయ్?" అని మొదలుపెట్టేవారు. మా ఆవిడ ఫాతిమా సరేసరి. "మనుషులకి వీడియో తీసేవాళ్లని చూశాను గాని, తారుకి తీసేవాళ్లని మిమ్మల్నే చూశానండీ" అనేది.

నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. ఆ కెమెరా నన్ను రెండుసార్లు కాపాడింది. ఇండికేటర్ వేయలేదని ఒకసారి, గీత దాటానని ఒకసారి ఆపారు. నేను గొంతు పెంచలేదు. బండి పక్కకు తీసి, కాగితాల కవరు చేతికిచ్చి, "మీరే చూడండి సార్" అని కెమెరాకు పక్కనుండే చిన్న తెర తెరిచాను. చూశారు, వదిలేశారు. పోలీసులతో నా పద్ధతి ఇప్పటికీ అదే. గౌరవం ఎంతైనా ఇస్తాను. చేయని తప్పు మాత్రం ఒప్పుకోను.

అసలు సంగతి నాట్లు అయిపోయిన రోజుల్లో జరిగింది. తెల్లవారుజామున పెద్ద వాన కురిసి వెలిసింది. ఎండ బాగా వచ్చాక నేను దెందులూరు దాటి, హైవే దిగి, కొల్లేరు వైపు వెళ్లే తారు రోడ్డు పట్టుకున్నాను. ఎడమ పక్క కొత్తగా నాట్లు ఊడ్చిన చేలు, కుడి పక్క పంట కాలువ.

చిన్న వంతెన దిగగానే, రోడ్డుకు ఎడమ సగమంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. బళ్లు ఎక్కకుండా అంచు వెంట రాళ్లు పేర్చారు. ముదురు ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ కాళ్లు ఈడ్చుకుంటూ, వరసలు తీస్తూ వడ్లు తిరగేస్తోంది. కోతల కాలంలో మా వైపు ఏటా చూసేదే. మినుము కట్టె అయితే రైతులే తెచ్చి చక్రాల కింద పరుస్తారు, గింజ రాలుతుందని. వడ్ల మీదకు మాత్రం మా వైపు ఏ డ్రైవరూ చక్రం ఎక్కించడు. నేను వేగం బాగా తగ్గించాను. అద్దం దించి, ఆవిడను కాస్త లోపలికి జరగమన్నాను. హారన్ కొట్టి కుడి పక్కకు తిప్పాను.

అప్పుడే ఎదురుగా సైకిల్ మీద పాల క్యాన్లతో ఒక పెద్దాయన వచ్చారు. ఆయన దారిలో ఆయన వస్తున్నారు. ఆయన వైపు ఉన్నది నేను. బ్రేకు తొక్కాను. వ్యాన్ ఆగింది గాని, ఆయన సైకిల్‌తో సహా కాలువలోకి జారిపోయారు. బ్రేకు విసురుకు కెమెరా పీట నుంచి ఊడి కింద పడింది.

నేను కాలువలోకి దిగి ఆయన్ని పైకి తెచ్చాను. భుజం ఎత్తలేకపోతున్నారు. వ్యాన్‌లో పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, బండి వెనక్కి తిప్పి ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు వడ్లు అక్కడే ఉన్నాయా అని అందరూ అడుగుతారు. చూడలేదు. పెద్దాయన మూలుగుతూ నా భుజం మీద వాలిపోయారు. ఆయన మొహం, ఎదర రోడ్డు తప్ప నాకు మరేదీ పట్టలేదు.

ఆసుపత్రి నుంచి కబురు వెళ్లింది, నన్ను స్టేషన్‌కు పిలిచారు. తప్పు వైపు నడిపి మనిషిని పడేశానన్నది కేసు. అది ఖాయమైతే నా లైసెన్సు పోతుంది. నేను జరిగింది చెప్పాను.

"వడ్లా?" అన్నారు ఎస్సై గారు. కుర్రాయన, చురుకైనవాడు. "నాట్లు ఊడ్చి నెల కాలేదు. ఏ దేశం నుంచి వచ్చాయయ్యా వడ్లు?"

"పాత వడ్లు నెమ్ము ఎక్కితే ఎండబెట్టుకుంటారు కదండీ" అన్నాను.

"తడి రోడ్డు మీదా?"

ఆ ప్రశ్న అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

హెడ్ కానిస్టేబుల్ మా వైపు మనిషి, పెద్దవాడు. ఆయన అప్పటికే వెళ్లి ఆ చోటు చూసి వచ్చారు. రోడ్డంతా ఆరిపోయి ఉందట, ఒక్క గింజ కూడా లేదట. ఆయన నా దగ్గరికి జరిగి, "ఏవండీ సాయిబు గారూ, పొద్దున్నే ఏవన్నా పుచ్చుకున్నారా?" అని మెల్లిగా అడిగారు.

"పుచ్చుకున్నానండీ. రెండు టీలు. వాసన చూసుకోండి" అని నోరు తెరిచాను. "నా దగ్గర సాక్షి ఉంది సార్. చూడండి."

ఎస్సై గారి బల్ల మీద కెమెరా పెట్టి క్యాసెట్ వేశాను. ముగ్గురం ఆ చిన్న తెర మీదకు వంగాం. వంతెన వచ్చింది. వంతెన దిగాక రోడ్డు అంచున ఉండే తెల్ల సున్నం కొట్టిన రాళ్లు వచ్చాయి. నా గొంతు వినిపించింది. "అమ్మా, కాస్త లోపలికి జరగండమ్మా. బండి పోనివ్వండి."

రోడ్డు మీద ఎవరూ లేరు. వడ్లు లేవు. వడ్ల అంచున పేర్చిన రాళ్ల వరస లేదు. ఖాళీ రోడ్డు మీద నా వ్యాన్ జాగ్రత్తగా కుడి పక్కకు తిరిగింది.

ఎస్సై గారు నవ్వారు. "మంచి సాక్షినే తెచ్చుకున్నావు. ఎవరయ్యా ఆ అమ్మ?"

అంతలోనే ఆయన నవ్వు ఆపేశారు. "వెనక్కి తిప్పు" అన్నారు. తిప్పాను. "ఆపు అక్కడ."

బొమ్మ ఆగింది. రోడ్డంతా తడిసి ఎండకు మెరుస్తోంది. ఎడమ సగంలో మాత్రం, సరిగ్గా నేను తప్పించిన మేరకు, ఒక పొడవాటి ముక్క మెరవడం లేదు. పొడిగా, బూడిద రంగులో ఉంది. చాప పరిచి తీసినట్టు అంచులు తిన్నగా ఉన్నాయి.

"వానలో లారీ ఆగి ఉంటదిలెండి సార్" అన్నారు హెడ్.

ఆ మాట పట్టుకుంటే నాకూ బాగుండేది. కాని తెల్ల రాళ్లు లెక్కపెట్టాను. ఆ పొడి ముక్క మూడో రాయి దగ్గర మొదలై పదకొండో రాయి దగ్గర ఆగింది. లారీ మూడు రాళ్ల మేర కూడా రాదు. అదే చెప్పాను.

ఎస్సై గారు తెర మూసేశారు. మంచి మనిషే, నాకు దారి చూపించబోయారు. "ఇదిగో మస్తానూ, ఎదురెండ కళ్లలో కొట్టింది, పక్కకి పోయాను అని రాయి. పాలాయన కూడా కేసు వద్దంటున్నాడు. ఇంతటితో అయిపోద్ది."

"నేను పోయేది దక్షిణానికి సార్. పొద్దుటి పూట ఎండ నా ఎడమ చెవి మీదుంది. కళ్లలో ఎలా కొడుద్ది?"

"నిన్ను వదిలేద్దామని నేను చూస్తుంటే, నువ్వు సూర్యుణ్ణి కొలుస్తావేంటయ్యా!"

"వడ్లు ఉన్నాయి, తప్పించానని రాస్తాను సార్. క్యాసెట్లో వడ్లు లేవని కూడా రాస్తాను. కెమెరా అబద్ధం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. రెండూ రాయించుకోండి."

"రాస్తే నీ లైసెన్సు పోద్ది."

"పోనివ్వండి సార్."

అలాగే రాసి సంతకం పెట్టాను. క్యాసెట్ మాత్రం ఆయన నా చేతిలో పెట్టేశారు. "ఇది నాకొద్దు. ఆ వడ్లు నా ఫైల్లో ఎండబెట్టుకోలేను" అన్నారు.

మూడు నెలలు లైసెన్సు ఆపేశారు. ఫాతిమా నాతో సగం మాటలే మాట్లాడింది. ఆ సగం కూడా, "ఎండ పడిందని రాసేస్తే సూర్యుడొచ్చి మీ మీద కేసు పెడతాడా?" అనడానికే. బస్సుల్లో, సైకిల్ మీద చెరువులకు తిరిగాను. సున్నం తీసుకెళ్లే వీలు లేక సగం చెరువులు వేరేవాళ్ల చేతికి పోయాయి. నేను సాక్షి కోసం కెమెరా పెట్టుకున్నవాణ్ణి. నాకు అనుకూలంగా చూపించినప్పుడు అది సాక్షి, కానప్పుడు నేనే వేరే కథ అల్లితే, ఆ రోజు హైవే మీద సాక్షి ఎవరని నన్ను అడిగినాయన అడిగిందే న్యాయమవుతుంది.

పాల పెద్దాయన పేరు వీర్రాజు గారు. భుజం కట్టు విప్పాక వాళ్లింటికి వెళ్లాను.

"మీరు నా వైపుకొచ్చారండీ, అది తప్పే" అన్నారు.

"తప్పేనండీ."

"కాని చాలా నిదానంగా వచ్చారు. నేను పడింది మిమ్మల్ని చూసి కాదండీ. మీరు అద్దంలోంచి ఎవరితోనో మాటాడతన్నారు. ఎవరా అని నేనూ అటు చూశాను. చూత్తా చూత్తా కాలవలోకి పోయాను."

"ఎవరు కనిపించారండీ?"

"ఎవరూ కనపళ్ళేదండీ, ఆయ్. అందుకే కదండీ అంతసేపు చూశాను!"

లైసెన్సు తిరిగి చేతికొచ్చేసరికి కోతలు మొదలయ్యాయి. మొదటి రోజే ఫాతిమాను పక్కన కూర్చోబెట్టుకుని, కెమెరా మళ్లీ బిగించి, పంతం కొద్దీ అదే రోడ్డు పట్టుకున్నాను. ఈసారి వడ్లకు కరువు లేదు. హైవే దిగిన దగ్గర నుంచి ఎడమ సగం పొడవునా కుప్పలు నెరిపి ఆరబోశారు.

వంతెన దిగాక రెండో రాయి దాకా వడ్లున్నాయి. ఆ తర్వాత ఖాళీ తారు. మళ్లీ పన్నెండో రాయి దగ్గర వడ్లు మొదలయ్యాయి.

బండి పక్కన ఆపి దిగాను. ఏళ్లుగా ఆ రోడ్డు మీద తిరుగుతున్నాను గాని ఆ ఖాళీని ఎప్పుడూ గమనించలేదు. అవతల వడ్లు ఎగదోస్తున్న రైతును పిలిచి, "ఏవండీ, ఇక్కడ చోటు వదిలేశారేంటి?" అని అడిగాను.

"అక్కడ మేం పొయ్యమండీ."

"ఎందుకండీ? ఏమన్నా జరిగిందా అక్కడ?"

ఆయన పార ఆనించుకుని ఆలోచించారు. దాస్తున్నట్టు లేరు. నిజంగానే గుర్తు చేసుకోబోయారు. "ఏమోనండీ. మా నాన్న పొయ్యలేదు, మేం పొయ్యం" అన్నారు.

ఆ ఊళ్లో ఇంకెవర్నీ అడగలేదు. అడిగితే టీ కొట్టు దగ్గర మనిషికో కథ చెబుతారు. అవి లెక్కకు రావు. ఆ పొడి ముక్క లారీ వల్ల కాదు, వడ్ల మీద కప్పే పరదా వల్ల అనుకుందామంటే వానలో నడిరోడ్డు మీద అంత పరదా ఎవరు పరుస్తారు? నేను భ్రమపడ్డాననుకుంటే తారు కూడా భ్రమపడి తడవడం మానేసిందా? ఎటు నుంచి కట్టినా లెక్క కుదరడం లేదు. కుదరనంత మాత్రాన దయ్యమని రాసి కింద గీత గీయడానికి కూడా నేను సిద్ధంగా లేను.

వ్యాన్ ఎక్కి స్టార్ట్ చేశాను. ఎదర చాలా దూరం దాకా ఎవరూ రావడం లేదు. ఇండికేటర్ వేసి, హారన్ కొట్టి, ఆ ఖాళీ తారును చుట్టి కుడి పక్క నుంచి పోనిచ్చాను.

"అక్కడేం లేదు కదండీ" అంది ఫాతిమా. ఈసారి వెక్కిరింపు లేదు.

"లేదు."

"పోలీసులు చూస్తే?"

కెమెరా నడుస్తూనే ఉంది. "చూడనీ. మళ్లీ అదే రాస్తాను" అన్నాను. ఇప్పటికీ ఆ చోట అలాగే వెళుతున్నాను. ఎందుకని అడిగితే మాత్రం, ఆ రైతు చెప్పిన దానికన్నా ఎక్కువ చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.